పక్కవాళ్లతో మాట్లాడండి

బరువైన లారీ ఒకటి ఎదురుగా వస్తున్న చిన్న కారును గుద్దింది. ఆ క్షణంలో లారీ కారు మీద చూపే బలం ఎక్కువా, కారు లారీ మీద చూపే బలం ఎక్కువా, లేక రెండూ సమానమా? దీనికి లెక్క చెయ్యనక్కర్లేదు, కాగితం మీద సూత్రం రాయనక్కర్లేదు. న్యూటన్ మూడో నియమం తెలిస్తే చాలు. రెండు బలాలూ సమానమే. కారు ఎక్కువ కుదుపుకు లోనయ్యేది దాని ద్రవ్యరాశి తక్కువ కావడం వల్ల. హైస్కూలు దాటిన వాళ్లలో ఈ నియమం వినని వాళ్లు ఉండరు. చర్యకు ప్రతిచర్య సమానం, వ్యతిరేకం అని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. అయినా లారీ, కారు అనేసరికి చాలామంది పెన్ను లారీ వైపే వెళుతుంది.

నియమం నోటికి రావడం ఒకటి, ఆ నియమంతో లోకాన్ని చూడగలగడం మరొకటి. ఈ రెండింటి మధ్య ఇంత ఎడం ఉందని కొందరు అధ్యాపకులు ఎలా కనిపెట్టారో, దాన్ని పూడ్చే దారి ఒకాయనకు అనుకోకుండా ఎలా దొరికిందో చెప్పే కథ ఇది. ఇంజనీరింగు, మెడిసిన్, కంప్యూటర్లు చదివే పిల్లలు కూర్చునే ఎన్నో తరగతి గదులు దాని వల్ల మారాయి, ఇంకా మారుతున్నాయి.

కథ అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో మొదలవుతుంది. డేవిడ్ హెస్టీన్స్ అక్కడ సైద్ధాంతిక భౌతికశాస్త్రవేత్త. 1980ల మొదట్లో ఆయనా, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న ఇబ్రహీం హల్లూన్ కలిసి ఒక పరీక్ష తయారుచేశారు. ముందు విద్యార్థులకు ప్రశ్నలిచ్చి సొంత మాటల్లో జవాబులు రాయించారు. ఆ జవాబుల్లో మళ్లీ మళ్లీ కనబడిన తప్పుల్ని ఏరి, వాటినే తర్వాతి పరీక్షలో ఆప్షన్లుగా పెట్టారు. కదులుతున్న వస్తువు మీద ఎప్పుడూ ఏదో ఒక బలం పనిచేస్తూ ఉండాలి, పెద్దది చిన్నదాన్ని ఎక్కువ బలంగా తోస్తుంది, పైకి విసిరిన బంతిలో చేతి ఊపు ఇంకా మిగిలే ఉంటుంది... ఇలా ప్రతి తప్పు జవాబు వెనకా ఎవరో మనస్ఫూర్తిగా నమ్మిన మాట ఉంది. ఆ పరీక్ష బలమంతా అక్కడే ఉంది. తెలియక గుడ్డిగా గీతపెట్టిన వాళ్లకంటే, తెలుసనుకుని తప్పు చేసే వాళ్లను అది పట్టిచ్చేది.

కోర్సు మొదట్లో ఒకసారి, ముగిశాక ఒకసారి దాదాపు వెయ్యిమందికి ఈ పరీక్ష పెట్టారు. పాఠం చెప్పిన ప్రొఫెసర్లు నలుగురు, ఎవరి పద్ధతి వాళ్లది. ఒకరు భావనల్ని తర్కబద్ధంగా విప్పి చెబుతారు. ఒకరు ప్రయోగాలు చేసి చూపిస్తారు. ఒకరు లెక్కలు చేయిస్తారు. ఇంకొకరు పుస్తకాన్ని అనుసరించిపోతారు. ఎవరి క్లాసులో పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారని చూస్తే, నాలుగు సెక్షన్లలోనూ ఒకే ఫలితం. సెమిస్టరంతా చదివినా ఆ పాత నమ్మకాలు పెద్దగా కదల్లేదు. 1985లో ఈ ఫలితాలు అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో అచ్చయ్యాయి. చాలామంది చదివే ఉంటారు. తమ క్లాసు సంగతి కాదులే అనుకుని పక్కన పెట్టిన వాళ్లూ చాలామందే ఉండి ఉంటారు.

అదే కాలంలో హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే యువ ప్రొఫెసర్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన పుట్టింది ఆమ్‌స్టర్‌డామ్‌లో, డాక్టరేటు చేసింది లైడెన్‌లో. నోబెల్ గ్రహీత నికొలాస్ బ్లూంబర్గెన్ దగ్గర పనిచేయడానికి హార్వర్డ్ వచ్చి, 1984లో అక్కడే అధ్యాపకుడయ్యారు. కాంతి మీద పరిశోధన ఆయన ప్రధాన వృత్తి. పాఠం చెప్పాల్సింది మాత్రం ఫిజిక్సు మీద ప్రత్యేక మక్కువతో వచ్చిన వాళ్లకు కాదు, డాక్టర్లూ ఇంజనీర్లూ కావాలనుకునే పిల్లలకు. ఆ కోర్సు వాళ్లకు దాటాల్సిన ఒక గడప. అయినా మజూర్ పాఠాలకు మంచి పేరొచ్చింది. సెమిస్టరు చివర విద్యార్థులు ఇచ్చే మార్కులు బాగుండేవి. కష్టమైన పరీక్షలిచ్చినా పిల్లలు చక్కగా రాసేవారు. తాను మంచి అధ్యాపకుణ్ణని ఆయన నమ్మడానికి కావలసినవన్నీ ఉన్నాయి.

ఒక్క ఫిర్యాదు మాత్రం ప్రతిసారీ వచ్చేది. ఆయన పాఠం పాఠ్యపుస్తకానికి భిన్నంగా ఉండేది కాబట్టి, తన నోట్సు కాపీలు తీసి పిల్లలకు పంచేవారు. తీరా చూస్తే, ఆ నోట్సులో ఉన్నదే క్లాసులో చెబుతున్నారని కొందరు రాసేవారు. ఇచ్చిన నోట్సు కాకుండా ఇంకో నోట్సు తయారుచేసి చెప్పాలా అని ఆయనకు చిరాకేసింది. ఆ మాట పట్టించుకోలేదు. దాని విలువ కొన్నేళ్ల తర్వాత గానీ తెలిసిరాలేదు.

1990లో హల్లూన్, హెస్టీన్స్ రాసినదాన్ని మజూర్ చదివారు. తన విద్యార్థులు అలాంటివాళ్లు కారని ఆయనకు గట్టి నమ్మకం. దేశంలో ఏరికోరి తెచ్చుకున్న పిల్లలు, జడత్వ భ్రామకం లాంటి గట్టి విషయాల్లో లెక్కలు చేసేవాళ్లు, లారీ కారు ప్రశ్న దగ్గర తడబడతారా? ఆ సంగతేమిటో తేల్చేద్దామని అదే పరీక్ష తన క్లాసులో పెట్టారు. కాగితాలు పంచిన కాసేపటికే ఒక విద్యార్థి నుంచి ప్రశ్న వచ్చింది. ఈ జవాబులు మీరు చెప్పినదాన్ని బట్టి రాయాలా, మామూలుగా నేను అనుకునేదాన్ని బట్టి రాయాలా అని.

నా దృష్టిలో ఈ కథ మొత్తానికి కీలకమైన మాట అదే. ఆ పిల్లల్లో రెండు భౌతికశాస్త్రాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పరీక్షకు, ఇంకొకటి బతకడానికి. రెండూ ఒకదాన్నొకటి తాకకుండా సెమిస్టరంతా గడిచిపోయింది. ప్రొఫెసరుకు మొదటిదే కనబడుతోంది, ఎందుకంటే ఆయన అడిగింది దాన్నే.

ఫలితాలు ఆయన్ని కుదిపేశాయి. మజూర్ మొదట ఆ పరీక్షనే అనుమానించారు. ప్రశ్నల్లో ఏదైనా తిరకాసుందేమో, పిల్లలు తేలిగ్గా తీసుకున్నారేమో. ఊరికే అనుమానించి ఊరుకోకుండా ఇంకో పరీక్ష తయారుచేశారు. ఒకే విషయం మీద రెండు ప్రశ్నలు జత చేసి ఇచ్చారు. విద్యుత్తు పాఠంలో ఒకటి మామూలు లెక్క. బ్యాటరీలు, నిరోధాలు ఉన్న వలయంలో కిర్చాఫ్ నియమాలు వాడి కరెంటు ఎంతో కట్టాలి. రెండోది చూడటానికి చిన్నపిల్లల ప్రశ్న. ఒకేలాంటి మూడు బల్బులు వరుసగా కలిపి ఉన్నాయి. మూడో బల్బుకు అడ్డంగా ఒక స్విచ్చి ఉంది. స్విచ్చి వేస్తే ఏ బల్బు వెలుగు పెరుగుతుంది, ఏది తగ్గుతుంది? కరెంటుకు నిరోధం లేని దారి దొరికింది కాబట్టి మూడో బల్బు ఆరిపోతుంది, మిగతా రెండూ ఇంకా బాగా వెలుగుతాయి. విషయం తెలిసినవాడికి ఇందులో లెక్కే లేదు.

పిల్లలు కిర్చాఫ్ లెక్కలో మంచి మార్కులు తెచ్చుకుని బల్బుల దగ్గర బోల్తాపడ్డారు. సమీకరణాలు రాసి కరెంటు విలువ కట్టినవాళ్లకు, కరెంటు ఆ తీగలో ఏం చేస్తోందో తెలియదు. మన ఇంటర్మీడియట్, ఎంసెట్ చదువుల్లో మోడల్ ప్రాబ్లమ్స్ వందలకొద్దీ చేసిన వాళ్లెవరికైనా ఇది వెంటనే అర్థమవుతుంది. ఏ లెక్క ఏ మోడల్‌లోదో గుర్తుపట్టడం ఒక నైపుణ్యం. దానికి చాలా సాధన కావాలి, తెలివీ కావాలి. కానీ ఆ నైపుణ్యం పూర్తిగా వచ్చాక కూడా బల్బు సంగతి తెలియకుండానే ఉండిపోవచ్చు. ఈ విషయం హార్వర్డ్ పిల్లల జవాబు పత్రాల్లో తేటతెల్లంగా బయటపడింది.

తప్పు ఎక్కడుందో తెలిసింది. ఏం చెయ్యాలో తెలియలేదు. ఇంకా విడమరిచి, ఇంకా నిదానంగా చెబితే సరిపోతుందనుకోవడం ఏ అధ్యాపకుడికైనా సహజం. పిల్లలు ఆ పరీక్ష ప్రశ్నల మీద చర్చించమని కోరడంతో మజూర్ ఒక క్లాసు దానికే కేటాయించారు. ఒక ప్రశ్న తీసుకుని వివరించారు. తిరిగి చూస్తే నూట యాభైమంది ముఖాల్లో అయోమయం. మళ్లీ ఇంకో దారిలో వివరించారు. అయోమయం తగ్గలేదు. కనీసం ఏది అర్థం కాలేదో అడగడానికి కూడా వాళ్లకు మాట రావడం లేదు. దాదాపు పది నిమిషాలు అలా పోయాయి. సగంమంది దాకా సరైన జవాబు గుర్తించారని మజూర్‌కు తెలుసు. ఇక చేసేదేమీ తోచక, తన అధ్యాపక జీవితంలో ఎన్నడూ చెయ్యని పని చేశారు. మీలో మీరు మాట్లాడుకోండి అన్నారు.

హాలంతా ఒక్కసారిగా గోలగోలైంది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, చేతులు తిప్పుతున్నారు, బల్ల మీద గీసి చూపిస్తున్నారు. ప్రొఫెసర్ వైపు ఎవరూ చూడటం లేదు. మూడు నిమిషాలు గడిచేసరికి వాళ్లకు జవాబు అర్థమైపోయింది. ఆయన పది నిమిషాల్లో చెప్పలేకపోయింది వాళ్లు ఒకరికొకరు మూడు నిమిషాల్లో చెప్పుకున్నారు.

అదృష్టం అని ఊరుకోవచ్చు. ఆరోజు ఇంకెవరైనా అయితే సమయం అయిపోయింది, తర్వాతి పాఠంలోకి వెళదాం అని ముందుకు పోయేవారేమో. మజూర్ మాత్రం, ఆ మూడు నిమిషాల్లో ఏం జరిగిందని ఆలోచించారు. ఆయనకు దొరికిన సమాధానం ఇది. ఒక విషయం ఆయనకు అర్థమై చాలా ఏళ్లయింది. మొదట్లో తనను ఏది తికమకపెట్టిందో ఇప్పుడు ఆయనకు గుర్తులేదు. పక్కన కూర్చున్న అమ్మాయికి అది అర్థమై వారం కూడా కాలేదు. సైకిల్ నిన్ననే నేర్చుకున్న పిల్లకు ఎక్కడ పడిందో, ఎందుకు పడిందో ఇంకా గుర్తుంటుంది. అందుకే పక్కవాడికి అడ్డుపడేది ఏమిటో ఆమెకు ఇట్టే తెలుస్తుంది. ఎంత బాగా తెలిసినవాడికి అంత కష్టం, ఆ విషయం కొత్తగా నేర్చుకునేవాడికి చెప్పడం.

పిల్లలు పిల్లలకు చెప్పడం మన నేలకు కొత్త కాదు. వీధిబడుల్లో పెద్దపిల్లలు చిన్నపిల్లల చేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. మద్రాసులో అనాథ బాలల శరణాలయం నడిపిన ఆండ్రూ బెల్ అనే మతాధికారి ఈ పద్ధతి చూసి, తన బడిలో వాడి, 1797లో లండన్‌లో పుస్తకం అచ్చువేయించాడు. అది మద్రాసు పద్ధతిగా ఇంగ్లండంతా పాకింది. కానీ అక్కడ చెప్పే పిల్లవాడు ఎవరో, వినే పిల్లవాడు ఎవరో ముందే నిర్ణయమై ఉంటుంది. మజూర్ క్లాసులో అలా లేదు. ఎవరికి తెలుసో ఎవరికీ తెలియదు. ఇద్దరూ వాదించుకుని తేల్చుకోవాలి. ఆ వాదనలోనే పని జరుగుతుంది.

అనుకోకుండా దొరికినదాన్ని ప్రతిరోజూ నడిచే పద్ధతిగా మార్చడం వేరే శ్రమ. 1991లో మజూర్ తన క్లాసును మొత్తం తిరగరాశారు. మొదటి అడ్డంకి సమయం. గంటసేపు ప్రశ్నలూ చర్చలూ పెడితే పాఠం ఎప్పుడు చెప్పాలి? ఇక్కడే ఆ పాత ఫిర్యాదు పనికొచ్చింది. నోట్సులో ఉన్నదే క్లాసులో చెబుతున్నారని పిల్లలన్నారు కదా. అయితే నోట్సు ముందే ఇంటిదగ్గర చదువుకొస్తే, క్లాసులో చదవడంతో పొందలేనిది చెయ్యవచ్చు. చదివి రాకపోతే? మొదట చిన్న క్విజ్‌లు పెట్టారు. తర్వాత, ముందురోజే ఇంటర్నెట్‌లో కొన్ని ప్రశ్నలకు జవాబులు పంపమన్నారు. వాటిలో ఒకటి, చదివినదాంట్లో నీకు అర్థం కానిదేమిటి అని. ఆ జవాబులు చదువుకుని వచ్చి ఆరోజు క్లాసులో ఏం అడగాలో నిర్ణయించుకునేవారు. పాఠం ఎటు వెళ్లాలో పిల్లల తికమకే చెప్పడం మొదలుపెట్టింది.

క్లాసు నడిచే తీరు ఇలా కుదిరింది. కాసేపు వివరణ. తర్వాత తెర మీద ఒక ప్రశ్న, నాలుగైదు ఆప్షన్లు. ఒకటి రెండు నిమిషాలు ఎవరికి వారు ఆలోచించి, ఒక జవాబుకు కట్టుబడి, దాన్ని నమోదు చెయ్యాలి. అప్పుడు, నీ జవాబుతో విభేదించే వాళ్లను చుట్టుపక్కల వెతికి వాళ్లను ఒప్పించు అంటారు. చర్చ అయ్యాక మళ్లీ ఓటు. ఆ తర్వాత గానీ ప్రొఫెసర్ వివరించరు. ఇందులో ఏది తీసేసినా పద్ధతి బలహీనపడుతుంది. ముందు ఒంటరిగా ఒక జవాబు ఎంచుకోకపోతే, చర్చలో తెలివైనవాడు చెప్పిందానికి అందరూ తలూపి ఊరుకుంటారు. ఎంచుకున్నాక మాత్రం ఆ జవాబు తనది. దాన్ని వదులుకోవాలంటే కారణం కావాలి.

అన్నిటికంటే కష్టమైనది ప్రశ్న రాయడం. మొదటి ఓటులో ముప్ఫై నుంచి డెబ్బై శాతం మంది సరిగ్గా చెబితే చర్చ బాగా సాగుతుంది. అందరికీ తెలిస్తే మాట్లాడేదేమీ ఉండదు. ఎవరికీ తెలియకపోతే చీకట్లో తడుముకోవడమే. ఆ మధ్యలో పడే ప్రశ్న రాయాలంటే, పిల్లలు ఎలా తప్పుగా ఆలోచిస్తారో అధ్యాపకుడికి తెలిసి ఉండాలి. హల్లూన్, హెస్టీన్స్ పిల్లల తప్పుల్ని ఏరి ఆప్షన్లుగా పెట్టిన పనే ఇప్పుడు ప్రతి క్లాసుకూ చెయ్యాల్సివచ్చింది. మజూర్ అలా ఏళ్ల తరబడి కూడబెట్టిన ప్రశ్నల్ని 1997లో తన పుస్తకంతో పాటు ఇతర అధ్యాపకుల చేతికిచ్చారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఈ పద్ధతి అంత వేగంగా వ్యాపించడానికి ఆ ఉదారత ఒక పెద్ద కారణమని నేననుకుంటాను.

ఓట్లు లెక్కపెట్టడం ఎలా? మొదట చేతులెత్తించారు. తర్వాత ఫారాలు నింపించారు. ఆ తర్వాత క్లాస్‌టాక్ అనే వ్యవస్థ వచ్చింది. కొద్దిమందికి ఒకటి చొప్పున అరచేతి కంప్యూటర్లు ఇచ్చి జవాబులన్నీ ప్రొఫెసర్ తెర మీదికి తెచ్చేది. తర్వాత టీవీ రిమోట్ లాంటి క్లిక్కర్లు వచ్చాయి, ఇప్పుడు ఫోన్లే ఆ పని చేస్తున్నాయి. చాలామంది ఈ యంత్రాల వల్లే క్లాసు మారిందనుకున్నారు. అయితే ఇలాంటి యంత్రాలు మజూర్ కంటే చాలా ముందే ఉన్నాయి. 1960ల్లోనే అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు కుర్చీలకు మీటలు బిగించి, విద్యార్థులు నొక్కిన జవాబుల్ని ప్రొఫెసర్ ముందున్న పలక మీద చూపించాయి. కార్నెల్‌లో రాఫెల్ లిట్టావర్ 1970ల మొదట్లో తక్కువ ఖర్చుతో ఒకటి తయారుచేశారు. పిల్లలకు అవి నచ్చాయి, సరదాగా ఉండేవి. కానీ నాటి అధ్యయనాలు చూస్తే మార్కులు, అవగాహన చెప్పుకోదగినంత పెరిగిన జాడ లేదు. మీట నొక్కాక ప్రొఫెసర్ జవాబు చెప్పి ముందుకు వెళ్లిపోయేవారు. పక్కవాళ్లతో మాట్లాడమని ఎవరూ అనలేదు.

దీనికి మరో వైపు నుంచి రుజువు 2008లో వచ్చింది. కెనడాలో మాంట్రియల్ దగ్గరి ఒక కాలేజీలో బోధించే నథానియల్ లాస్రీ, ఇదే పద్ధతిని ఒక సెక్షన్లో క్లిక్కర్లతోనూ, ఇంకో సెక్షన్లో అక్షరాలు రాసిన అట్టముక్కలతోనూ నడిపి చూశారు. పిల్లలు నేర్చుకున్నదాంట్లో తేడా ఏమీ కనబడలేదు. నాలుగు అట్టముక్కలతో కూడా ఇదే చదువు సాగుతుంది. ప్రొజెక్టర్ లేని, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మన కాలేజీల దృష్ట్యా చూస్తే, ఈ కథలో నాకు అన్నిటికంటే ధైర్యాన్నిచ్చే సంగతి ఇదే.

అంకెల సంగతికి వద్దాం. హెస్టీన్స్, మాల్కం వెల్స్, గ్రెగ్ స్వాక్‌హేమర్ కలిసి పాత పరీక్షను మెరుగుపరిచి 1992లో కొత్త రూపంలో విడుదల చేశారు. బలాల భావనల మీద అలాంటి కొలబద్ద ఒకటి అందరికీ అందుబాటులోకి రావడంతో, ఏ క్లాసు ఎంత నేర్పిందో పోల్చడం సాధ్యమైంది. కోర్సు మొదట్లో పిల్లలకు తెలియనిదాంట్లో ఎన్నో వంతు చివరికి నేర్చుకున్నారన్నది లెక్క. మజూర్ క్లాసులో పాత పద్ధతి నడిచిన 1990లో అది పావు వంతు. 1991లో దాదాపు సగం. ప్రశ్నల్ని ఏటేటా సానబట్టగా 1997 నాటికి దాదాపు ముప్పావు వంతుకు చేరింది. క్లాసులో లెక్కలు చేయించడం తగ్గించినా లెక్కల్లో పిల్లలు వెనకబడలేదు. 1985లో ఇచ్చిన ఫైనల్ పరీక్ష పత్రాన్నే 1991లో మళ్లీ ఇస్తే సగటు 63 నుంచి 69 శాతానికి పెరిగింది.

ఒక్క క్లాసు, ఒక్క మంచి అధ్యాపకుడి గొప్పతనం కావచ్చుగా అన్నవాళ్లకు 1998లో రిచర్డ్ హేక్ జవాబిచ్చారు. 62 కోర్సుల్లోని 6,542 మంది విద్యార్థుల ఫలితాలు సేకరించి చూస్తే, ఉపన్యాసమే నడిచే కోర్సుల్లో సగటు పావు వంతు దాటడం లేదు. విద్యార్థులు చేతులూ బుర్రా కలిపి పాల్గొనే కోర్సుల్లో సగటున దానికి రెట్టింపు.

అయినా ఒక అనుమానం మిగిలింది. చర్చ తర్వాత రెండో ఓటులో సరైన జవాబులు పెరుగుతాయి, నిజమే. పక్కనున్న తెలివైనవాడు చెప్పింది నొక్కేస్తున్నారేమో? అదే అయితే అది నేర్చుకోవడం కాదు, కాపీ కొట్టడం. కొలరాడో విశ్వవిద్యాలయంలో మిషెల్ స్మిత్, ఆమె సహచరులు జన్యుశాస్త్రం క్లాసులో దీన్ని తేల్చడానికి ఒక తెలివైన ఏర్పాటు చేశారు. ఒక ప్రశ్నకు ఒంటరిగా ఓటు, చర్చ, మళ్లీ ఓటు. జవాబు ఏదో చెప్పకుండానే, అదే భావన మీద కొత్త ప్రశ్న ఇంకొకటి ఇచ్చి ఈసారి ఎవరితోనూ మాట్లాడకుండా రాయమన్నారు. పక్కవాణ్ణి చూసి నొక్కినవాడు ఇక్కడ దొరికిపోవాలి. కానీ కొత్త ప్రశ్నలోనూ పిల్లలు బాగా చేశారు. అంతకంటే ఆశ్చర్యం, మొదటి ఓటులో ఎవరికీ సరైన జవాబు తెలియని గుంపుల్లో కూడా కొందరు చర్చ తర్వాత దారి కనుక్కున్నారు. అంటే తెలిసినవాడు పక్కన లేకపోయినా మాట్లాడుకోవడం పనిచేస్తోంది. మన తప్పును మనమే పైకి చెప్పి విన్నప్పుడు అందులో పగులు ఎక్కడుందో మనకే తెలుస్తుంది. 2009లో సైన్స్ పత్రికలో ఈ ఫలితం అచ్చయింది.

ఫిజిక్సులో పుట్టిన పద్ధతి కంప్యూటర్ క్లాసుల్లోకి రావడానికి కొంత కాలం పట్టింది. అక్కడ సమస్య వేరు. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలు యంత్రం ముందు కూర్చుని ఏదో ఒకటి టైపు చేసి రన్ కొడతారు. పనిచేస్తే సంతోషం, లేకపోతే ఇంకోటి మార్చి చూస్తారు. యంత్రం జవాబు వెంటనే ఇచ్చేస్తుంది కాబట్టి, అది ఎందుకలా వచ్చిందో ఆలోచించే అవసరమే రాదు. మజూర్ బృందం 2004లో ప్రయోగ ప్రదర్శనల గురించి ఇలాంటిదే కనిపెట్టింది. ఊరికే చూసిన విద్యార్థులకు, అసలు చూడని వాళ్లకంటే ఎక్కువేమీ అర్థం కాలేదు. ఏం జరుగుతుందో ముందే ఊహించి చెప్పి, ఆ తర్వాత చూసినవాళ్లే నేర్చుకున్నారు. ప్రోగ్రామింగ్ క్లాసులోనూ అదే కిటుకు. ఒక జాబితాకు రెండు పేర్లు పెట్టాం. రెండో పేరుతో పిలిచి అందులో ఒక అంకె మార్చాం. మొదటి పేరుతో పిలిస్తే పాత అంకె వస్తుందా, కొత్తది వస్తుందా? రన్ కొట్టకుండా ముందు చెప్పాలి, పక్కవాళ్లతో వాదించాలి. కంప్యూటర్ లోపల ఏం జరుగుతోందో మనసులో బొమ్మ గీసుకోకుండా ఈ వాదనలో నిలబడటం కుదరదు.

శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లియో పోర్టర్, సింథియా లీ, బెత్ సైమన్ నాలుగు కంప్యూటర్ కోర్సుల పదేళ్ల ఫలితాలు తిరగేశారు. పాత పద్ధతిలో సగటున 20 శాతం మంది తప్పుతుండగా, ఈ పద్ధతిలో నడిచిన క్లాసుల్లో అది 7 శాతానికి పడిపోయింది. నూటికి పదమూడు మంది. కంప్యూటర్లు తమవల్ల కావని వదిలేసి వెళ్లిపోవాల్సిన పిల్లలు వాళ్లు.

మన దేశంలో ఇదే దారికి చెందిన మరో పద్ధతిని ఐఐటీ బొంబాయి పరిశోధకులు పరిశీలించారు. మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ క్లాసంటే పెద్ద హాలు, ఒక్క అధ్యాపకుడు, వందల విద్యార్థులు. ప్రశ్న ఇచ్చి ముందు ఒక్కడే ఆలోచించి రాయాలి, తర్వాత పక్కవాడితో కలిసి జవాబు మెరుగుపరచాలి, ఆఖరున క్లాసంతా చర్చించాలి. ఆ సమయంలో ఎవరు ఏం చేస్తున్నారో పరిశోధకులు కళ్లతో చూసి నమోదు చేశారు. సగటున 83 శాతం మంది పనిలో మునిగి ఉన్నారని 2013లో ప్రకటించారు. అదీ వందలమంది కూర్చున్న హాల్లో.

ఇన్ని రుజువులున్నా ఉపన్యాసం తన సింహాసనం వదల్లేదు. అధ్యాపకుల అలవాటు ఒక కారణం, సిలబస్ అయిపోవాలన్న భయం ఇంకొకటి. విద్యార్థులూ వెంటనే స్వాగతించరు. డబ్బు కట్టి చదువుకుంటుంటే మాకు మేమే చెప్పుకోవాలా అన్న మాట ఈ పద్ధతి వెళ్లిన ప్రతిచోటా వినబడుతుంది. 2019లో హార్వర్డ్‌లోనే లూయీ డెలోరియే, ఆయన సహచరులు దీని మూలం వెతికారు. ఒకే పాఠాన్ని కొందరికి మంచి వక్త చేత ధారాళమైన ఉపన్యాసంగా చెప్పించారు, కొందరికి చర్చలతో నడిపారు. ఉపన్యాసం విన్నవాళ్లు తాము ఎక్కువ నేర్చుకున్నామని రాశారు. పరీక్ష పెడితే చర్చించినవాళ్లే ఎక్కువ నేర్చుకున్నారు. చక్కటి ఉపన్యాసం వింటుంటే అంతా తెలిసిపోతున్నట్టే ఉంటుంది. చర్చలో తడబాటు, అలసట, తన అజ్ఞానం తనకే కనబడటం. ఆ ఇబ్బందిని పిల్లలు, నేర్చుకోవడం లేదన్న గుర్తుగా పొరబడుతున్నారు. అందుకే కోర్సు మొదట్లోనే ఈ సంగతి విప్పిచెప్పమని ఆ పరిశోధకులు సూచించారు.

మజూర్ అక్కడితో ఆగలేదు. 2012 నుంచి హార్వర్డ్ ఇంజనీరింగ్ విద్యార్థులకు ఆయన నడుపుతున్న కోర్సులో ఉపన్యాసమే లేదు. మెట్లమెట్లుగా ఉండే లెక్చర్ హాలు వదిలేసి, చదునైన గదిలో బల్లల చుట్టూ నలుగురైదుగురు బృందంగా కూర్చుంటారు. సెమిస్టరులో ఏవో కొన్ని నిజమైన వస్తువులు తయారుచేస్తారు. వాటికి కావలసిన ఫిజిక్సును చదువుకుంటూ, పాఠ్యాంశం పక్కనే ఒకరి ప్రశ్నలకు మరొకరు ఆన్‌లైన్లో జవాబులు రాసుకుంటారు. మామూలు పరీక్షలు తీసేసి, వాటి స్థానంలో రెండు విడతల పరీక్ష పెట్టారు. మొదటి విడత ఎవరికి వారు రాస్తారు. రెండో విడతలో అవే ప్రశ్నలు మళ్లీ చేతికొస్తాయి. ఈసారి బృందమంతా కలిసి మాట్లాడుకుని జవాబులు సరిదిద్దుకోవచ్చు. రెండు విడతలకూ మార్కులుంటాయి.